మీకు తెలుసా? అడవిలో పక్క

అడవిలో దారి తప్పి రాత్రి గడపాల్సి వచ్చినవాడు ముందుగా నెత్తిమీద కప్పు సంగతి చూసుకుంటాడు. కొమ్మలు విరిచి పందిరి వేస్తాడు, ఆకులు కప్పుతాడు, చీకటి పడే వేళకు ఒళ్లు అలిసిపోయి దాని కింద వట్టి నేల మీద వాలిపోతాడు. వానలేని చలిరాత్రి అయితే ఈ వరస తిరగెయ్యాలి. ముందు పక్క, ఓపిక మిగిలితే పందిరి. ఎందుకో చెప్పే ముచ్చట్లే ఈసారి.

నేల గుంజే వేడి

నిద్రలో ఉన్న మనిషి ఒళ్లు సుమారు 70 నుంచి 80 వాట్ల వేడి పుట్టిస్తుంది. వెల్లకిలా పడుకుంటే నేలకు ఆనే భాగం దగ్గరదగ్గర అర చదరపు మీటరు. చర్మం వేడి 33 డిగ్రీలు, నేల 5 డిగ్రీలు అనుకోండి. మధ్యలో ఒక్క సెంటీమీటరు మందాన ఎండుగడ్డి ఉంటే కిందికి దిగిపోయే వేడి 80 వాట్ల పైమాటే. అంటే ఒంట్లో పుట్టిందంతా నేలకే అర్పణం. అదే గడ్డి పది సెంటీమీటర్లు ఉంటే ఎనిమిది వాట్ల చిల్లరతో సరిపోతుంది. ఇది కాగితం మీది లెక్క. నిజంగా పడుకున్నప్పుడు ఒంటి మీద బట్టలుంటాయి, కింద నేల కూడా కాస్త వెచ్చబడుతుంది, మనం అటూ ఇటూ దొర్లుతాం. అయినా ఒక సెంటీమీటరుకీ పది సెంటీమీటర్లకీ ఉన్న తేడా మాత్రం పోదు.

ఇందులో ఇంకో తమాషా. చలికాలపు రాత్రి చాలాసార్లు గాలి కన్నా పైపొర కింది నేలే కాస్త వెచ్చగా ఉంటుంది. అయినా ఒళ్లు చల్లబరిచేది నేలే. గాలి వేడిని మహా బద్ధకంగా మోస్తుంది. తడిమట్టి దానికి కొన్ని పదుల రెట్లు చురుకు. రాయి ఇంకా చురుకు. మన సినిమాల్లో వానలో తడిసిన హీరో, హీరోయిన్లు గుహలో మంట వేసుకుని బండ మీదే హాయిగా నిద్రపోతారు చూడండి, తెల్లారేసరికి వాళ్లు డ్యూయెట్ పాడే స్థితిలో ఉండరు.

మూరెడు పరిస్తే బెత్తెడు

వెచ్చదనం ఇచ్చేది గడ్డి కాదనీ, గడ్డి పరకల మధ్య కదలకుండా చిక్కుకున్న గాలి అనీ చాలామందికి తెలుసు. ఆ గాలిని మన బరువే తరిమేస్తుందన్నది మాత్రం పడుకునేదాకా గుర్తుకురాదు. రాలిన ఆకులు మూరెడు ఎత్తున పోస్తే చూడటానికి రాజుగారి పరుపులా ఉంటుంది. ఎక్కి పడుకుంటే బెత్తెడు మిగిలితే గొప్ప. భుజం, పిరుదు ఆనేచోట ఆ బెత్తెడు కూడా ఉండదు. అందుకే అనుభవం ఉన్నవాళ్లు పక్క ఎత్తును నిలబడి కొలవరు. మీద పడుకుని, పిరుదు కిందికి చెయ్యి దూర్చి చూస్తారు. నేల తగిలితే లేచి ఇంకో నాలుగు మోపులు. అలా రెండుమూడు సార్లు లేచి వెళ్లక తప్పదు. ఒక మనిషికి సరిపడా ఆకు పోగెయ్యడానికి గంటకు పైగా పడుతుంది కాబట్టి, పొద్దు వాలకముందే మొదలుపెట్టాలి.

అడుగున ఏమి వేయాలన్నదానికీ ఒక పద్ధతి ఉంది. అట్టడుగున వేలెడు లావు పుల్లలు, ఎండు రెమ్మలు అడ్డదిడ్డంగా పరుస్తారు. అవి అంత తేలిగ్గా అణగవు, తడిని పైకి రానివ్వవు. వాటి మీద ఆకులు. అన్నిటికన్నా పైన మెత్తటి గడ్డి. రెండు పక్కలా రెండు దుంగలు దొర్లించి పెడితే పక్క తెల్లారేలోగా రెండువైపులా చెదిరిపోకుండా ఉంటుంది. ఈ దుంగల సంగతి చిన్నదే కానీ, అది మరిచిపోయినవాడు అర్ధరాత్రి నేల మీదే తేలతాడు.

ఖరీదైన ఈకల స్లీపింగ్ బ్యాగు ఉంటే ఈ బాధ లేదనుకోకండి. ఒంటి కింద ఉన్న ఈకలు బరువుకు నలిగి దాదాపు కాగితమైపోతాయి. పైభాగం వెచ్చగా ఉంటుంది, వీపు గడ్డకడుతుంది. పర్వతారోహకులు బ్యాగుతో పాటు చుట్టచుట్టిన నురుగు చాప కూడా మోసుకెళ్లేది ఇందుకే. ఆ చాపలు ఎంతవరకు చలి ఆపుతాయో కొలిచేందుకు అమెరికాలోని ఏఎస్‌టీఎం అనే ప్రమాణాల సంస్థ 2018లో ఒక పరీక్షావిధానం ఖరారు చేసింది. కింద చల్లటి పలక, పైన వెచ్చటి పలక, మధ్యలో చాప. పైపలకను వెచ్చగా నిలపడానికి ఎంత విద్యుత్తు ఖర్చవుతుందో చూసి అంకె వేస్తారు.

రెండు లక్షల ఏళ్ల నాటి పరుపు

మనిషి ఇల్లు కట్టుకోవడం ఎప్పుడు నేర్చాడో బడిపుస్తకాలు చెబుతాయి. పక్క వేసుకోవడం ఎప్పుడు నేర్చాడో ఏ పుస్తకంలోనూ చదివిన గుర్తు లేదు. దక్షిణాఫ్రికాకూ ఎస్వాతినీకీ సరిహద్దుగా ఉన్న లెబోంబో కొండల్లో బోర్డర్ కేవ్ అనే గుహ ఉంది. అక్కడ తవ్వకాల్లో దొరికిన గడ్డి పరుపు వయసు సుమారు రెండు లక్షల ఏళ్లు. విట్‌వాటర్స్‌రాండ్ విశ్వవిద్యాలయానికి చెందిన లిన్ వాడ్లీ బృందం 2020లో సైన్స్ పత్రికలో ఈ సంగతి బయటపెట్టింది. గడ్డి వట్టి నేల మీద లేదు, బూడిద పొర మీద ఉంది. కొన్నిచోట్ల ఆ బూడిద పాత గడ్డి పక్కలను తగలబెట్టగా వచ్చిందే. పురుగుకు బూడిద పడదు. పాకే పురుగుల ఒంట్లో తేమను పీల్చేస్తుంది, ఊపిరి రంధ్రాలను మూసేస్తుంది. కందులకు, విత్తనాలకు బూడిద కలిపి పెట్టే మన ఇళ్లలో దీనికి వేరే వివరణ అక్కర్లేదు. ఆ పక్కల్లోనే కర్పూరపు వాసన కొట్టే ఒక పొద తాలూకు మాడిన ముక్కలు కూడా దొరికాయి. ఆఫ్రికాలో పల్లెవాళ్లు పురుగుల్ని తరమడానికి ఆ పొదను ఇప్పటికీ వాడతారు.

అంతకుముందు, 2011లో, ఇదే పరిశోధకురాలు సిబుడు అనే మరో చోటు గురించి రాశారు. అది డర్బన్ నగరానికి ఉత్తరాన సుమారు 40 కిలోమీటర్ల దూరంలో, నది ఒడ్డున ఉన్న కొండచరియ చాటు. అక్కడ 77 వేల ఏళ్ల కిందటి నుంచి 38 వేల ఏళ్ల కిందటి వరకు ఒకదాని మీద ఒకటిగా కనీసం 15 పక్కల పొరలు ఉన్నాయి. వాళ్లు పరుచుకున్నది ఎక్కువగా నది ఒడ్డున పెరిగే తుంగ జాతి గడ్డి. మనం చాపలు అల్లుకునే తుంగదీ అదే కుటుంబం. కింది నది దగ్గర కోసి, పైకి మోసుకొచ్చి పరిచారు. దాని మీద పలచగా ఒక చెట్టు ఆకులు చల్లారు. ఆ చెట్టు దాల్చినచెక్క, కర్పూరం చెట్ల కుటుంబానికి చెందింది. దాని ఆకుల్లో దోమల్నీ చిన్న పురుగుల్నీ పారదోలే రసాయనాలున్నాయి. సుమారు 73 వేల ఏళ్ల కిందటి నుంచి పాత పక్కను అప్పుడప్పుడు తగలబెట్టి కొత్తది పరవడం కూడా మొదలైంది.

నాకు ఇందులో బాగా నచ్చింది ఆ ఆకుల పొర. అది ఎవరో యథాలాపంగా చల్లింది కాదు. ఆ చోటు చుట్టూ ఎన్నో రకాల చెట్లుంటే, అందులోంచి ఒకదాన్ని ఏరుకున్నారు. పక్క అంటే మెత్తగా ఉండాలి, పొడిగా ఉండాలి, కుట్టకూడదు అన్న మూడు షరతులూ వాళ్లకు అప్పుడే తెలుసు. మన ధాన్యపు గాదెల్లో వేపాకు, వావిలాకు వేసేవాళ్లు ఆ బుర్రను ఇట్టే గుర్తుపడతారు.

చింపాంజీ పక్క మన పక్క కన్నా శుభ్రం

చింపాంజీలు రోజూ సాయంత్రం చెట్టుమీద కొమ్మలు వంచి, ఆకులు పరిచి కొత్త పక్క వేసుకుంటాయి. టాంజానియాలోని ఇస్సా లోయలో అలాంటి 41 పక్కలను పరిశీలించి 2018లో ప్రచురించిన అధ్యయనం చెప్పిందేమిటంటే, మనుషుల పరుపుల్లో ఉండే బ్యాక్టీరియాలో సుమారు 35 శాతం మన ఒంటి నుంచి వచ్చిందే. చింపాంజీల పక్కల్లో అలాంటిది దాదాపు లేదు. రోజూ కొత్త దుప్పటి కాదు, రోజూ కొత్త మంచమే కదా మరి.

కాలికీ ఒక పక్క

1991 సెప్టెంబరు 19న ఆల్ప్స్ పర్వతాల్లో, ఆస్ట్రియా, ఇటలీ సరిహద్దు దగ్గర మంచులోంచి ఒక శవం బయటపడింది. పోలీసులు మొదట ఎవరో ఈమధ్య పోయిన పర్వతారోహకుడనుకున్నారు. తీరా చూస్తే వయసు సుమారు 5,300 ఏళ్లు. ఇప్పుడు లోకమంతా ఓట్జీ అని పిలుస్తున్న ఆయన బూట్లకు అడుగున ఎలుగుబంటి తోలు, లోపల చెట్టునారతో అల్లిన వల, ఆ వలకూ పైతోలుకూ మధ్య కూరిన ఎండుగడ్డి. మంచుకు కాలు తగలకుండా ఆయన పాదం కింద ఒక చిన్న గడ్డి పక్క ఉందన్నమాట.

ఉత్తర స్కాండినేవియాలో రెయిన్‌డీర్లను మేపుకునే సామీ జనం ఈ విద్యను మొన్నమొన్నటిదాకా నిలబెట్టుకున్నారు. నీటి ఒడ్డున పెరిగే ఒక గడ్డిని వేసవిలో కోసి, బాది, మెత్తగా చేసి, ఎండబెట్టి, జడలా చుట్టి దాచుకునేవారు. చలికాలంలో మేజోళ్లకు బదులు దాన్నే తోలుబూటులో కూరుకునేవారు. ఇదీ తుంగ కుటుంబమే! చెమటను అది పీల్చుకుంటుంది, రాత్రి మంట దగ్గర ఆరబెడితే మళ్లీ పొద్దున్నకు సిద్ధం. 1911 డిసెంబరు 14న దక్షిణ ధ్రువం చేరిన అముండ్‌సెన్ బృందం బూట్లలోనూ, వాళ్ల వెనకే బయల్దేరిన స్కాట్ బృందం తోలుబూట్లలోనూ ఈ గడ్డే.

కొమ్మల తివాచీ

సామీల గుడారంలో నేలంతా భూర్జ వృక్షపు సన్నటి రెమ్మలు పరిచి, వాటిమీద రెయిన్‌డీర్ తోళ్లు వేస్తారు. ఆ జంతువు వెంట్రుక లోపల గుల్లగా ఉంటుంది. అంటే ప్రతి వెంట్రుకలోనూ కాస్త గాలి బందీ. కెనడాలో జేమ్స్ బే తీరపు క్రీ ప్రజలు గుడారాల్లో స్ప్రూస్, ఫర్ చెట్ల కొమ్మల చివర్లను పెంకుల్లా ఒకదాని మీద ఒకటి పడేలా అల్లినట్టు పరుస్తారు. ఒక కొమ్మ మొదలు గుచ్చుకోకుండా తర్వాతి కొమ్మ కొస దాన్ని కప్పుతుంది. ఆకు వాడి రాలడం మొదలుపెట్టగానే తీసేసి కొత్తవి. గుడారంలో ఎప్పుడూ పచ్చి ఆకు వాసన.

ఇలాంటి కొమ్మల పక్క మీద అమెరికా వేటగాళ్లు, విహారయాత్రికులు కూడా మోజుపడ్డారు. నెస్‌మక్ అనే కలంపేరుతో జార్జ్ వాషింగ్టన్ సియర్స్ 1884లో రాసిన అడవి బతుకు పుస్తకంలోనూ, 1906లో హొరేస్ కెఫార్ట్ రాసిన పుస్తకంలోనూ కొమ్మల పక్క వేసే తీరు ఉంది. అప్పట్లో అడవికి వెళ్లే మనుషులు తక్కువ. ఇప్పుడు ఒక్కో పార్కులో ఒక్కో వారాంతం వేలమంది. ప్రతివాడూ పచ్చికొమ్మలు నరికితే చెట్లు బోడివే మిగులుతాయి. అందుకే చాలా పార్కుల్లో అది నిషేధం. ప్రాణం మీదికొచ్చినప్పుడు సరే. సరదాకి వెళ్లినవాడు పచ్చి కొమ్మ మీద చెయ్యి వెయ్యడం నాకూ నచ్చదు. రాలిన ఆకు ఉండగా నిలబడ్డ చెట్టు జోలికి ఎందుకు?

మంచు: దుప్పటిగా మంచిది, పరుపుగా చెడ్డది

కొత్తగా పడ్డ మంచులో తొంభై శాతం దాకా గాలే. అందుకే బయట మైనస్ 30 ఉన్నా, మందపాటి మంచు కింద నేల సున్నా దగ్గర్లోనే ఉంటుంది. చిన్న జంతువులు దాని కింద సొరంగాలు చేసుకుని శీతాకాలం గడిపేస్తాయి. మనం దాని మీద పడుకుంటే మాత్రం కథ మారుతుంది. బరువుకు గాలి పోతుంది, ఒంటి వేడికి కరిగి నీరవుతుంది. నీరు గాలి కన్నా సుమారు 25 రెట్లు వేగంగా వేడిని లాగుతుంది. గడ్డకట్టిన మంచుపలక ఆ నీటికి కూడా మూడు నాలుగు రెట్లు.

ఇన్యూట్లు కట్టే ఇగ్లూలో ఈ సంగతికి చక్కటి జవాబుంది. పడుకునే చోటు లోపల అరుగులా ఎత్తుగా ఉంటుంది, ద్వారం దానికన్నా పల్లంలో ఉంటుంది. చల్లగాలి బరువు కాబట్టి పల్లంలోకి జారిపోతుంది. దీపం వేడీ ఒంటి వేడీ అరుగు దగ్గరే ఆగుతాయి. మంచు అరుగు మీద నేరుగా ఎవరూ పడుకోరు. చిన్న పొదల రెమ్మలు పరుస్తారు, వాటి మీద కారిబూ (అక్కడి రెయిన్‌డీర్) తోలు వెంట్రుకలు కిందికి పెట్టి ఒకటి, వెంట్రుకలు పైకి పెట్టి ఇంకొకటి.

నాచు మెత్తనే, కానీ

అడవిలో పచ్చటి నాచు చూస్తే ఎవరికైనా దాని మీద వాలిపోవాలనిపిస్తుంది. చలిదేశాల చిత్తడి నేలల్లో పెరిగే స్ఫాగ్నమ్ నాచు తన ఎండు బరువుకు సుమారు 20 రెట్ల నీరు పట్టుకోగలదు. మొదటి ప్రపంచయుద్ధంలో బ్రిటన్‌లో దాన్ని ఏరి, ఆరబెట్టి గాయాలకు దూదిలా కట్టారు. ఆరబెట్టకుండా దానిమీద పడుకుంటే మీ వీపు నీళ్ల సంచికి ఆనుకున్నట్టే.

నులక మంచం సంగతి

పక్కను నేల నుంచి పైకి లేపేస్తే నేల బాధ వదులుతుంది కదా అని తోచడం సహజం. వదులుతుంది. గాలి బాధ పట్టుకుంటుంది. వేసవిలో ఆరుబయట నులక మంచం హాయి కింద నుంచి వీచే గాలి వల్లే. అదే హాయి పుష్యమాసంలో పగవాడికి కూడా వద్దు. మీద రెండు రగ్గులు కప్పుకున్నా వణుకు తగ్గకపోతే, ఒక రగ్గు తీసి కింద పరచండి, తేడా మీకే తెలుస్తుంది. మన పెద్దవాళ్లు పాతచీరల బొంత కిందికే వేసేవారు. చెట్లకు ఉయ్యాల కట్టుకుని పడుకునే విదేశీ యాత్రికులకూ ఇదే తంటా. వాళ్లు ఉయ్యాల అడుగున, బరువు పడని చోట, ఇంకో ఈకల దుప్పటి వేలాడదీస్తారు.

నిప్పుల మీద నిద్ర

మరీ చలిగా ఉంటే నేలనే వెచ్చబెట్టే ఉపాయం ఒకటుంది. ఒంటి పొడుగున జానెడు లోతు గాడి తవ్వి, అందులో మంట వేసి, నిప్పులు అడుగున సర్ది, మీద బెత్తెడు పైనే పొడిమట్టి కప్పి, దానిమీద పక్క వేస్తారు. సరిగా కుదిరితే గంటల తరబడి వీపుకు వెచ్చదనం. మట్టి తడిదైతే ఆవిరి లేచి బట్టలు తడుస్తాయి. మట్టి పలచనైతే గడ్డి అంటుకుంటుంది. కప్పగానే పడుకోకుండా కాసేపు ఆగి చెయ్యి పెట్టి చూడాలి. ఇదంతా ఆరుబయట మాట. మూసిన గుడారంలోకి కుంపటి తెచ్చుకోవడం మాత్రం ఎప్పుడూ వద్దు. వాసనా రంగూ లేని కార్బన్ మోనాక్సైడ్ నిద్రలోనే ప్రాణం తీస్తుంది. మన దేశంలో ప్రతి చలికాలం అలాంటి వార్త ఏదో ఒక ఊరి నుంచి వస్తూనే ఉంటుంది.

వంజంగి వెళ్తున్నారా?

పాడేరు దగ్గర వంజంగిలో మబ్బుల సముద్రం చూడటానికీ, లంబసింగి చలి రుచి చూడటానికీ డిసెంబరు, జనవరిలో జనం గుడారాలు వేసుకుని పడుకుంటున్నారు. అక్కడి చలి కొన్ని రాత్రులు సున్నాకు దగ్గరగా వెళ్తుంది. గుడారం అడుగు గుడ్డ తడిని ఆపుతుంది, చలిని ఆపదు. రగ్గుల మీద రగ్గులు అద్దెకు తీసుకునే బదులు, గుడారం వేసేముందు అడుగున రెండు మోపుల ఎండు వరిగడ్డి పరిపించుకోండి. కోతలైపోయిన కాలం కాబట్టి దొరకడం కష్టం కాదు. వరిగడ్డి కాడ గుల్లగా ఉంటుంది, కాడకు కాడకు మధ్యా గాలి, కాడ లోపలా గాలి. గడ్డి లేకపోతే కిరాణా కొట్లో అడిగి అట్టపెట్టెలు విప్పి పరిచినా మేలే. అట్ట కూడా చెట్టు పీచే.

గడ్డి వేసేచోట మంట దూరంగా ఉండాలి, ఆ మాట చెప్పనక్కర్లేదు. చెప్పవలసిన మాట ఇంకొకటి ఉంది. ఆల్ప్స్‌లోనూ సామీల సీమ‌లోనూ లేని చిక్కు మనకుంది. కట్లపాము రాత్రిపూట తిరిగే పాము. నేల మీద పడుకున్నవాళ్లను నిద్రలో కరుస్తుంది, చాలాసార్లు కాటు నొప్పే తెలియదు. కాబట్టి గడ్డి గుడారం బయట అడుగున ఉండాలి. లోపల పరిచి గుమ్మం తెరిచి వదిలేయకూడదు. జిప్పు ఎప్పుడూ మూసే ఉంచాలి. గుడారం లేకుండా ఆరుబయటో, పొలంలోనో పడుకోవాలంటే మంచం మీద గడ్డి పరిచి, పైన బొంత వేసి, దోమతెర అంచులు బొంత కిందికి దోపుకోవాలి. గడ్డివాము అడుగు గడ్డి తీసుకోకండి, అక్కడే తేళ్లు చేరతాయి. పైవరసలోది తీసి, దులిపి, ఒక పూట ఎండలో పడేసి, పొద్దు కుంకకముందే పరుచుకోండి. మంచు కురవడం మొదలయ్యాక తెచ్చిన గడ్డి తడిగా వస్తుంది.